మనవాళ్ల మైల

నాకు చాలా ఏళ్లుగా ఒక సందేహం ఉంది. మైల అనేది మనిషి పోవడంవల్ల వస్తుందా, పోయాడన్న కబురు తెలియడంవల్ల వస్తుందా?

నా చిన్నప్పుడు మా నాన్నగారి జ్ఞాతి ఒకాయన ఖరగ్‌పూర్‌లో పోయాడు. ఆ కబురు మోసుకొచ్చిన ఉత్తరం నెల తర్వాత మా ఇంటికి చేరింది. ఆ నెలంతా మేము దీపం పెట్టుకున్నాం, గుడికి వెళ్లాం, ప్రసాదం తిన్నాం. దేవుడేమీ అనలేదు. ఉత్తరం చదవగానే నాన్నగారు నూతి దగ్గరికి వెళ్లి కట్టుబట్టలతో నెత్తిన నీళ్లు పోసుకుని దేవుడిగూటి తలుపు మూసేశారు. దారిలో ఆ ఉత్తరం ఎక్కడన్నా పడిపోయి ఉంటే మనకి మైల ఉండేది కాదా అని అడిగాను. ఆయన తడిబట్టలతోనే నా నెత్తిమీద ఒక్కటిచ్చారు.

పెద్దయ్యాక మా పురోహితులు అవధానిగారిని అడిగాను. తెలియని దుఃఖం ఎవరు పడతారయ్యా, శాస్త్రం మన వీలు చూసే రాశారు అన్నారాయన. సమాధానం బాగుంది. కానీ నేను రైసుమిల్లులో తూకం గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ని. కనబడని బరువు కాటా మీద ఎలా పడుతుందో నాకు అంతుపట్టలేదు. అయినా పెద్దలు చెప్పినట్టు చేస్తూ వచ్చాను. జ్ఞాతి పోయాడంటే పదిరోజులు మైల. దీపం లేదు, గుడి లేదు. పదోరోజున ఏటికి వెళ్లి ధర్మోదకాలు వదిలి, పోయినవాడికన్నా చిన్నవాళ్లం గనక గుండు చేయించుకుని ఇంటికి రావడం. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి వచ్చేది. మనిషన్నాక ఆమాత్రం తప్పదు.

ఈ కథకి అసలు కారణం ఒక మొక్కు. మా ఆవిడ అచ్చియ్యమ్మకి వెనక ఒకసారి విషజ్వరం వచ్చి, డాక్టర్లు పెదవి విరిచేస్తే, గుబ్బలకొండ నరసింహస్వామికి నా తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. ఆవిడ బతికింది. మొక్కు తీర్చడానికి బయల్దేరేలోగా నాన్నగారు పోయారు. కన్నవాళ్లు పోతే ఏడాదిపాటు కొండ ఎక్కకూడదు. ఆ ఏడాది తీరుతుండగా అమ్మ. ఆ తర్వాత వానలకి కొండదారి విరిగిపడింది. దారి బాగుచేసేసరికి లోకమంతా మూతికి గుడ్డలు కట్టుకుని ఇళ్లలో కూర్చుంది. అలా మొక్కు ఉండిపోయింది.

ఈలోగా అచ్చియ్యమ్మకి కళ్లలో శుక్లాలు ముదిరాయి. బియ్యంలో రాళ్లు కనబడవు, బస్సు మీద ఊరి పేరు కనబడదు, చివరికి నేను ఎదురుగా నిలబడితే గొంతు విని పోల్చుకునేదాకా వచ్చింది. ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ చేసినా లాభం ఉండదన్నాడు కళ్ల డాక్టరు. ఈవిడ ససేమిరా అంది.

"పాత బాకీ అలాగే ఉంచుకుని కొత్తగా కళ్లు ఎలా అడగనండీ ఆ స్వామిని? మనింటికొచ్చి ఎవరన్నా అలా అడిగితే మీరేమంటారు?"

నేనేమంటానో ఆవిడకి తెలుసు. అందుకని మాఘమాసంలో కొండకి వెళ్లి మొక్కు తీర్చుకోవడం, వచ్చిన వెంటనే ఆపరేషన్ అని అనుకున్నాం.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వం వారు మాకు బంధువుల్ని వెతికిపెట్టడం మొదలుపెట్టారు.

ఎవరో పెద్దమనిషి తన వంశవృక్షం గీయించుకుని, అందులో ఎన్నడూ చూడని ఒక మేనత్త మనవడి పేరు చూసి కంటతడి పెట్టుకున్నాడట. ఆ కంటతడి ఫొటో చూసి ఇంకో పెద్దమనిషికి ఆలోచన వచ్చిందట. ఆలోచన వచ్చినవాడు పైన ఉన్నవాడు గనక అది పథకమైంది. పేరు 'మనవాళ్లు'. దాన్ని నడపడానికి బంధు సంధాన సంస్థ అని ఒకటి పెట్టి, మా జిల్లాకి మండలేశ్వరరావుగారని ఒక అధికారిని వేశారు. ఆయన మా ఊరి కల్యాణమండపంలో సభ పెట్టి ఇలా సెలవిచ్చారు:

"మానవుడు సంఘజీవి. అయితే సదరు సంఘము ఎక్కడ ఉన్నదో సదరు మానవునికి తెలియకున్నది. ఇట్టి లోటును పూరించుటకై ప్రతి పౌరునికి అతని జ్ఞాతులను ఉచితముగా అందజేయుటకు ప్రభుత్వము కంకణము కట్టుకున్నది."

జ్ఞాతుల్ని పోల్చుకునే పద్ధతి చాలా సులువు. ఇంటిపేరు ఒకటైతే వంశం ఒకటే. మాది గుడిమెట్ల వారు. గుడిమెట్ల అనేది ఒక ఊరి పేరని, ఆ ఊరినుంచి ఏ కాలంలో ఎవరు బయటికి వచ్చినా వాళ్లకి అదే ఇంటిపేరు పడిందని, అందులో అన్ని కులాలవాళ్లూ ఉన్నారని నేను లేచి నెమ్మదిగా మనవి చేశాను. కంప్యూటరుకు కులం లేదన్నారు మండలేశ్వరరావుగారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, మాట బాగుందని.

మొదట్లో అంతా బాగానే ఉంది. ఒక్క వారంలో నా ఫోనులోకి కొన్నివేలమంది గుడిమెట్ల వారు వచ్చిపడ్డారు. ఒక్కొక్కరికీ వరస కూడా కంప్యూటరే కట్టింది. నంద్యాలలో నాలుగో తరగతి చదివే పిల్లాడొకడు నాకు చినతాత అయ్యాడు. వాళ్లమ్మ ఫోను చేయించి నన్ను 'ఏరా భీమలింగం' అనిపించింది. బళ్లారి గుడిమెట్ల ఆయనకి నా ఈడే ఉంటుంది, వరసకి అన్నయ్య. ఆయనకి తోడబుట్టినవాళ్లు లేరట. మొదటిసారి ఫోను చేసి నా గొంతు వినగానే ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఫోను పెట్టేశాక ఎందుకు ఏడ్చామో ఇద్దరికీ తెలియదు. అయినా ఆనాటినుంచి రోజూ సాయంకాలం ఫోను చేసి ఏం కూర వండారని అడిగేవాడు. చెప్పడానికి నాకూ బాగుండేది.

కొండకి బయల్దేరదామని సంచి సర్దుకున్న రోజు పొద్దున్నే ఫోను కుయ్యిమంది. విజయనగరంలో గుడిమెట్ల వారొకరు కాలం చేశారు, వరసకి పెదనాన్న, తమరికి ప్రగాఢ సానుభూతి అని ఉంది.

ఆయనెవరో నాకు తెలియదు. కానీ కబురైతే తెలిసింది. చేతిలో సంచి కిందపెట్టి, నూతి దగ్గరికి వెళ్లి, కట్టుబట్టలతో నీళ్లు పోసుకున్నాను. పదోరోజున గుండు చేయించుకుని వచ్చి, జుట్టు కాస్త మొలిచాక కొండకి వెళ్దామన్నాను. అచ్చియ్యమ్మ సరే అంది. జుట్టు మొలవకముందే కర్నూలులో ఒకరు పోయారు. ఆ తర్వాత తుని. అక్కణ్నించి ఇక ఆగలేదు. కొన్నివేలమంది ఉన్న వంశంలో ఎవరో ఒకరు పోకుండా రోజు గడవదు కదా. మా ఇంట్లో దేవుడిగూడు మూసింది మూసినట్టే ఉండిపోయింది. నా గుండ్లకి ఊళ్ల పేర్లు వచ్చాయి.

"ఈ గుండు ఎక్కడిదండీ?" అనేది అచ్చియ్యమ్మ, తడిమి చూసి.

"కర్నూలుది."

"మరి తునిది?"

"దాని వంతు ఇంకా రాలేదు."

వంతు ఏమిటంటే, ఒక మైలలో ఇంకో మైల పడితే మొదటిదాంతో రెండోదీ తీరిపోతుందని అవధానిగారు చెప్పారు. శాస్త్రంలో అలాగే ఉంది. ఆ సంగతి సంస్థవారికి రాసి ఇచ్చాను. ఒక మరణమునకు ఒక మైల చొప్పున ఆచరించవలెనని, రెండు మైలలను కలిపి చూపినచో ఆడిట్‌వారు అభ్యంతరం చెప్పుదురని జవాబు వచ్చింది. అందుచేత నా మైలలన్నీ ఒకదాని వెనక ఒకటి వరసలో నిలబడ్డాయి.

ఆ వరసలోనే ఒకనాటి సాయంకాలం బళ్లారి అన్నయ్య ఫోను రాలేదు. మర్నాడు కబురు వచ్చింది. ఈసారి నిజంగానే నాకు అన్నం సహించలేదు. కానీ విజయనగరం మొదలుకుని ముందు పోయినవాళ్లు చాలామంది ఉన్నారు గనక ఆయన మైల శ్రావణమాసంలో ప్రారంభమవుతుందన్నారు. అప్పటిదాకా బాధపడడానికి నాకు అనుమతి లేదు.

ఇదంతా మొదట్లో ఎవరి నిష్ఠకొద్దీ వాళ్లు చేసేదే. చాలామంది ఫోనులో ఆ కబురు చూసి, పాపం అని, పక్కన పెట్టేసేవారు. అది సంస్థవారి దృష్టికి వెళ్లింది. ప్రజాధనం వెచ్చించి అందజేసిన బంధువు మరణించినప్పుడు బాధపడకపోవడం ప్రజాధన దుర్వినియోగం కిందికి వస్తుందని ఉత్తర్వు వెలువడింది. మైల అందరికీ తప్పనిసరి అయింది. ఇంటింటికీ తిరిగి గుండ్లు తనిఖీ చేయడానికి వరస ఇన్‌స్పెక్టర్లని వేశారు. మా వీధికి వచ్చే కుర్రాడు నా నెత్తిమీద చెయ్యి వేసి, గరుకు చూసి, సంతృప్తికరం అని రాసుకునేవాడు. గుళ్ల వాకిళ్లలో యంత్రాలు పెట్టారు. వేలు ఆనిస్తే, మైల ఉన్నవాళ్లకి ఎర్రదీపం వెలిగి తలుపు బిగుసుకుపోతుంది. ఊళ్లో అందరికీ ఎర్రదీపమే. అర్చకులకు కూడా మైల వచ్చి నైవేద్యాలు ఆగిపోయే పరిస్థితి ఏర్పడేసరికి, అర్చకుల మైలను పదవీ విరమణ వరకు వాయిదా వేస్తున్నామని, విరమణానంతరం మొత్తం మైలను ఏకమొత్తంగా పట్టవలెనని ఇంకో ఉత్తర్వు ఇచ్చారు. మా శివాలయం అర్చకుడు లెక్క వేసుకుని, విరమించాక తొంభై ఏళ్లు బతికితే గాని తనకి విముక్తి లేదని తేల్చుకున్నాడు.

మాఘం పోయింది. ఒకరోజు అచ్చియ్యమ్మ పొయ్యిమీది గిన్నె అనుకుని పొయ్యినే పట్టుకుంది. చెయ్యి కాలింది. నేను వెన్న రాశాను. ఆ మధ్యాహ్నమే జిల్లా కేంద్రానికి వెళ్లి మండలేశ్వరరావుగారి దర్శనం కోరాను.

ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ. మైల సెలవు అన్నారు. ఉన్నవాళ్లంతా గుండ్లతో ఉన్నారు. మండలేశ్వరరావుగారిది ప్రత్యేకించి కొత్తగా మెరుస్తోంది. నేను నా సంగతి విన్నవించుకుని, ఒక్క నెలరోజులు ఎవరు పోయినా నాకు కబురు చెప్పకుండా ఉండమని ప్రార్థించాను.

"మరణవార్తను నిరాకరించుట మరణమును నిరాకరించుటయే భీమలింగంగారూ. మరణము సర్వసమానము. దానికి మినహాయింపులు లేవు," అన్నారాయన. "తమరి కష్టమునకు చింతించుచున్నాను. నాకే ప్రస్తుతము ఇరవైరెండు మైలలు పెండింగు ఉన్నవి."

బయటికి వస్తుంటే వరండా బెంచీ మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఎనభై దాటి ఉంటాయి. ఆ భవనంలో నెత్తిన జుట్టు పెరుగుతున్న మనిషి ఆవిడొక్కతే. నా గుండు చూసి, కూర్చోమని పక్కన చోటు చూపించింది.

"నీకెంతమంది బాబూ?" అంది.

వేలల్లో అన్నాను. నాకు సున్న అంది ఆవిడ.

ఆవిడ పేరు సీతారత్నం. ఇంటిపేరు ఉప్పుగాలి. భర్త ఏటి మీద బల్లకట్టు నడిపేవాడట. ఉప్పుగాలి వారిలో ఆయనే ఆఖరు. పిల్లలు లేరు. రాష్ట్రమంతా గాలించినా ఆ ఇంటిపేరు వాళ్లు ఇంకొకరు దొరకలేదు. బంధువులు లేకపోవడానికి కారణమేమిటో సంజాయిషీ ఇమ్మని సంస్థవారు ఆవిడకి నోటీసు ఇచ్చారు.

"ఆకరోణ్ణి చేసుకున్నాను బాబూ, అదీ నా నేరం," అంది. "వారం వారం పిలుత్తారు. ఎవరన్నా కనబడ్డారా అనడుగుతారు. నువ్వే కదయ్యా ఎతికేది, నన్నడుగుతావేటి అంటాను. రాసుకుంటారు. మళ్లీ వారం రమ్మంటారు. రానూపోనూ బస్సు కులాసాగా ఉంటాది. ఇంటికాడ మాటాడ్డానికి ఎవరున్నారు గనక."

ఆవిడ ఉండేది మా ఊరి చివర ఏటిగట్టు మీదే. ఇన్నేళ్లూ నేను చూడనే లేదు. చూసినా, పొద్దున్నే విధవరాలు ఎదురైందని తప్పుకుని వెళ్లిన వాళ్లలో ఉండేవాణ్నేమో, చెప్పలేను. తిరుగుప్రయాణంలో నా మొక్కు సంగతంతా విన్నది. మైల లేని మనిషి గనక గుడి యంత్రం ఆవిడకి మాత్రం పచ్చదీపం వెలిగిస్తుందని అప్పుడే నాకు తెలిసింది.

నాకు తెలిస్తే ఊరికి తెలిసినట్టే. వారం తిరక్కుండా సీతారత్నమ్మగారి గుమ్మం ముందు జనం బారులు తీరారు. తప్పుకుని వెళ్లినవాళ్లంతా అమ్మా అమ్మా అంటూ కొబ్బరికాయలు, పసుపుకుంకాలు, చీటీ మీద రాసిన గోత్రనామాలు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు. ఊరందరి తరఫునా ఆవిడొక్కతే గుడిలోకి వెళ్లి కాయలు కొట్టించుకు వచ్చేది. దేవుడికి ఆవిడొక్కతే భక్తురాలు. నేనూ వెళ్లి, మా మొక్కు కూడా తమరి చేతుల మీదుగా ఏమన్నా వీలవుతుందేమో అన్నాను.

"కాయైతే కొడతాను. పువ్వైతే పెడతాను. నీ జుట్టు నా తలమీద లేదు కదా నాయనా," అంది.

ఇదిలా ఉండగా మార్చి నెల వచ్చింది. ఆర్థిక సంవత్సరం ముగిసేనాటికి బంధురహిత పౌరులు లేని జిల్లాగా ప్రకటించబడాలని మండలేశ్వరరావుగారికి పైనుంచి ఒత్తిడి. జిల్లా మొత్తం మీద మిగిలిన బంధురహిత పౌరురాలు సీతారత్నమ్మగారు ఒక్కరే. ఆయన స్వయంగా ఆవిడ ఇంటికి వచ్చి, ఎలాగైనా ఒక్క బంధువును చూపించమని, తన పదోన్నతి ఆవిడ చేతుల్లో ఉందని బతిమాలుకున్నారు. కాయ ఇవ్వడానికి వెళ్లిన నేను, నాతోపాటు అచ్చియ్యమ్మ, అరుగుమీదే ఉన్నాం.

"ఉన్నోళ్లని చూపించమంటే ఎక్కడ తెచ్చేది? పోనీ, ఎవర్నన్నా పెంచుకోనా?" అంది సీతారత్నమ్మగారు.

మండలేశ్వరరావుగారు గుమాస్తా చేత నిబంధనలు తిరగేయించారు. దత్తతకు గరిష్ఠ వయస్సు అందులో రాసి లేదు. నిషేధింపబడనిది అనుమతింపబడినట్లే అన్నారు ఆయన. సీతారత్నమ్మగారు అరుగుమీద ఉన్నవాళ్లందరినీ ఓసారి కలయజూసి, నా దగ్గర ఆగింది.

నాకు అరవైరెండు. దత్తత వెళ్లినవాడికి పుట్టినింటి జ్ఞాతుల మైల ఉండదని అవధానిగారు నాకు ఎప్పుడో చెప్పి ఉన్నారు. ఇంటిపేరు మారితే గుడిమెట్ల వారు ఎవరు పోయినా నాకు పట్టదు. ఉప్పుగాలి వారిలో పోవడానికి ఎవరూ లేరు, ఆవిడ తప్ప. ఇదంతా నా బుర్రలో తిరిగేసరికి సిగ్గు వేసింది. అమ్మని వెతుక్కునే పద్ధతి ఇది కాదు కదా. అచ్చియ్యమ్మ వైపు చూశాను. ఆవిడ నన్ను చూడలేదు గాని, నేను చూస్తున్నానని ఎలాగో తెలుసుకుంది.

"నాకు అరవై దగ్గర పడ్డాక మళ్లీ అత్తగారా," అంది.

"సాధించనులేవే. ఓపిక లేదు," అంది సీతారత్నమ్మగారు.

"ఓపిక వస్తే?"

"అప్పుడు చూద్దాం."

అచ్చియ్యమ్మ నవ్వింది. పొయ్యి పట్టుకున్న రోజు తర్వాత ఆవిడ నవ్వడం అదే.

తంతు మర్నాడే జరిగింది. మామూలుగా పెంపుడుబిడ్డని ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. అలాంటి ఫొటో ఉంటే గాని ఫైలు కదలదన్నారు. నేను కూర్చుంటే తన మోకాళ్లు ఉండవంది అమ్మ. చివరికి నేను నేలమీద చాప వేసుకుని పడుకుని, తల మాత్రం ఆవిడ ఒళ్లో పెట్టాను. ఆవిడ నా నెత్తిమీద చెయ్యి వేసింది. ఇన్నాళ్లూ ఆ నెత్తిమీద ఎవరు చెయ్యి వేసినా గుండు తనిఖీకే.

"జుట్టు ఇంత పొట్టిగా ఉందేంట్రా," అంది.

ఫొటో తీసుకున్నారు. నేను లేవడానికి కొంచెం ఆలస్యమైంది. గుమాస్తా ఇంకో ఫొటో అవసరం లేదని రెండుసార్లు చెప్పాడు.

నేను ఉప్పుగాలి భీమలింగాన్ని అయ్యాను. పాత మైలలన్నీ రద్దయ్యాయి. బళ్లారి అన్నయ్యది కూడా రద్దయింది. ఆ ఒక్కటీ ఉంచమని అడిగాను, కుదరదన్నారు. ఇక కాస్త జుట్టు మొలవడమే తరువాయి. మొక్కుకి కనీసం గోరంత ఉండాలి కదా అని అచ్చియ్యమ్మ రోజూ పొద్దున్నే నా తల తడిమి చూసేది.

అయితే మండలేశ్వరరావుగారు ఊరుకోలేదు. దత్తత విజయవంతమైన తీరు పేపర్లో పడింది. ఉప్పుగాలి వారికి మైల ఉండదన్న సంగతి కూడా దాంతోపాటే పడింది. మైలలు మోయలేక అల్లాడుతున్న జనం, మమ్మల్ని కూడా పెంచుకోమని అమ్మ గుమ్మం ముందు వచ్చి పడ్డారు. ఇందులో ఇంకా పెద్ద పదోన్నతి కనబడింది అధికారిగారికి. ఏటిగట్టున షామియానా వేయించి దత్తత మేళా ఏర్పాటు చేశారు. ఒక్క సంతకానికి ఒక్క కొడుకు.

కూతుళ్లని, కొడుకుల్ని ఒద్దంటే ఏడుస్తారని అమ్మ సంతకాలు పెడుతూ పోయింది. నేను పక్కన కూర్చుని సిరా అందిస్తున్నాను. ఎండ నెత్తికి వచ్చేసరికి నాకు తమ్ముళ్లు వందల్లోకి వచ్చారు. నాకన్నా ముందు పుట్టినా, నా తర్వాత దత్తతకి వచ్చినవాళ్లంతా తమ్ముళ్లేనని నిబంధన. అప్పుడు ఒకాయన్ని మంచంతో సహా మోసుకువచ్చారు. తొంభై ఉంటాయి. మనిషిలో దగ్గు తప్ప ఇంకేమీ లేదు. ఆయన మనవలు ఆయన బొటనవేలు పట్టుకుని కాగితం మీద నొక్కించారు. ఆయన కూడా నా తమ్ముడయ్యాడు. మంచం పక్కకి దించారు. దగ్గు ఎక్కువైంది.

అమ్మ కలం ఆపి ఆ మంచంవైపు చూసింది. తర్వాత నా తలవైపు చూసింది.

"నీ తమ్ముడు సాయంత్రం దాకా ఉండేటట్టు లేడురా," అంది నెమ్మదిగా. "పెళ్లాన్ని తీసుకుని కొండకి బయల్దేరు."

"జుట్టు ఇంకా మొలవలేదమ్మా."

"మొలిచినకాడికి ఇయ్యి. సామి కొలుత్తాడా?" అంటూ కలం మూత పెట్టి తనూ లేచింది. "పదండి, నేనూ వత్తాను. నేనిక్కడుంటే ఇంకా పుడతా ఉంటారు."

షామియానాలో గగ్గోలు బయల్దేరింది. మండలేశ్వరరావుగారు అడ్డం వచ్చి, ఇంకా మూడువందల దరఖాస్తులు ఉన్నాయని, సాయంత్రానికి లక్ష్యం పూర్తి కావాలని చేతులు జోడించారు.

"లచ్చెం నీదయ్యా. మొక్కు నా కొడుకుది," అంది అమ్మ.

ఆవిడ ఆ మాట పెద్దగా ఏమీ అనలేదు. కానీ షామియానాలో అందరూ విన్నారు. జనం దారి ఇచ్చారు.

రోడ్డు మీద గుబ్బలకొండ బస్సు దొరికింది. దారిపొడుగునా నేను ఫోను వైపు చూడలేదు. అది అచ్చియ్యమ్మ సంచిలో, తువ్వాలు మడతల్లో, విభూతి పొట్లం కింద ఉంది. ఆవిడ సంచిమీద చెయ్యి వేసి కూర్చుంది. కొండ మొదట్లో దిగి మెట్లెక్కడం మొదలుపెట్టాం. ఒకరికి కళ్లు లేవు, ఒకరికి కాళ్లు లేవు. అత్తాకోడళ్లు ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకున్నారు. మెట్టు వచ్చినప్పుడల్లా మెట్టే అని అమ్మ చెబుతోంది, ఆగినప్పుడల్లా అచ్చియ్యమ్మ ఆవిడ బరువు మోస్తోంది. నేను ముందు నడవబోతే, ఎవరూ నా చెయ్యి అడగలేదు.

పైన వాకిట్లో యంత్రం మీద వేలు పెట్టాను. అది కాసేపు ఆలోచించింది. తమ్ముడి దగ్గు నా చెవుల్లో వినిపించింది. ఆనక పచ్చదీపం వెలిగి, ఉప్పుగాలి భీమలింగం గారికి మైల లేదు, దయచేయండి అని తలుపు తెరుచుకుంది.

కల్యాణకట్టలో ఒక్క పీట తప్ప అన్నీ బోర్లించి ఉన్నాయి. ఆ ఒక్క పీట పక్కన క్షురకుడు గోడకి చేరగిలబడి నిద్రపోతున్నాడు. భక్తులు రావడం మానేసి నెలలు అయిందట. లేచి కూర్చుని, కత్తి తీసి, నా తల చూశాడు.

"మొక్కా బాబూ, మైలా?" అన్నాడు.

"మొక్కు."

"ఇందులో తియ్యడానికి ఏముందండీ?"

"ఉన్నంత తియ్యి."

అతను నీళ్లు చల్లి గోవిందా అని కత్తి ఆనించాడు. నేను కళ్లు మూసుకున్నాను. అచ్చియ్యమ్మ పీట పక్కన చతికిలబడి కొంగు పట్టింది. కత్తి గరగరమంటోంది గాని ఏదైనా రాలుతోందో లేదో ఆవిడకి కనబడదు. వేళ్లతో కొంగంతా తడిమింది.

"పడిందా అండీ?"

నేను కళ్లు తెరిచి చూశాను. తెల్లటి కొంగు మీద ఆవగింజల్లాంటి పొట్టు, చిటికెడు.

"పడింది," అన్నాను.

"ఎంత?"

"చాలినంత పడిందే అమ్మా, నేను చూత్తన్నాగా," అంది మా అమ్మ.

అచ్చియ్యమ్మ కొంగు కొస జాగ్రత్తగా ముడేసుకుని లేచింది. అత్తగారి చెయ్యి పట్టుకుని హుండీ దాకా వెళ్లి, ముడి విప్పి, కొంగును అందులోకి మూడుసార్లు దులిపింది. ఆ తర్వాత, స్వామి ఉన్నాడనుకున్న వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆవిడ తిరిగిన వైపు స్తంభం ఉంది. అమ్మ ఆవిడ భుజాలు పట్టుకుని కాస్త ఇటు తిప్పింది.

"ఇప్పుడు అడగండి," అంది అచ్చియ్యమ్మ నాతో. "ఆపరేషన్ ఎప్పుడు చేస్తాడో ఆ డాక్టర్ని."